మే నెల మంజీరను చూసి పడవ కొనాలి

కొత్త విలాస పడవల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 40 శాతమైంది. దాంతో పడవ మీద మోజున్నవాళ్ల చూపు పాతవాటి వైపు మళ్లడం సహజమే. ముంబై, గోవా, కొచ్చి తీరాల్లో పది పదిహేనేళ్లు తిరిగిన మోటారు యాట్‌లు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. ఫొటోల్లో తెల్లగా మెరుస్తుంటాయి. రెండు పెద్ద ఇంజన్లు, లోపల పడకలు, ఓ చిన్న వంటగది, పైన కూర్చుని గాలి పీల్చుకునే డెక్కు, అన్నీ ఉంటాయి. కొత్తదాని ధరతో పోల్చుకుంటే చవకే. అలాంటి దాన్నొకటి లారీ మీద తెచ్చి కల్హేర్ దగ్గర మంజీర మీది నిజాంసాగర్ జలాశయంలోనో, అదే నది మీద ఎగువనున్న సింగూరులోనో దించితే ఎలా ఉంటుందన్న ఊహ ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. చిక్కంతా ఏమిటంటే, ఆ ఊహ ఎప్పుడూ పుష్యమాసం నీళ్లలోనే సాగుతుంది, వైశాఖం దాకా రాదు. పాత పడవను ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది పడవను కాదు, అది తిరగబోయే నీటిని. అదీ ఆ నీళ్లు అతి తక్కువగా, అతి చెడ్డగా ఉండే రోజున. ఆ రోజుకు పనికొచ్చే పడవ మిగతా రోజులకూ పనికొస్తుంది. నిండుకుండ లాంటి జలాశయాన్ని చూసి కొన్న పడవ మాత్రం ఏడాదిలో సగం రోజులు ఒడ్డున బురదలో ఒరిగి ఉంటుంది.

మంజీర సంగతి తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలోకి వచ్చి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే ఈ నది పూర్తిగా వానల మీద బతికేదే. మంచు కరిగి వచ్చే నీళ్లు లేవు. ఎగువన రెండు రాష్ట్రాల చెరువులు, బ్యారేజీలు తమ వాటా పట్టుకున్నాకే కిందికి వస్తుంది. సింగూరు పూర్తిగా నిండితే 29.91 టీఎంసీలు, నీటిమట్టం 523.6 మీటర్లు. 2015-16 కరువులో అదే సింగూరు దాదాపు అడుగంటింది. హైదరాబాద్‌కు మంజీర నీళ్లు ఆగిపోయి, నగరం గోదావరి, కృష్ణ నీళ్ల మీద ఆధారపడాల్సి వచ్చింది. ఆ వెంటనే 2016 సెప్టెంబరు వానలకు అదే జలాశయం నిండి గేట్లు ఎత్తారు. అంటే ఒకే ఏడాదిలో ఎండిన నేలా, వరదా రెండూ. నిజాంసాగర్ కథ ఇంకాస్త లోతైనది, నీటి లెక్కలో చూస్తే లోతు తగ్గినది. 1931లో పూర్తయినప్పుడు దాని సామర్థ్యం సుమారు 30 టీఎంసీలు. పూడిక పేరుకుని 1970ల నాటికి అది 12 టీఎంసీల దరిదాపులకు పడిపోయింది. తర్వాత కట్టను పటిష్ఠం చేసి, పూర్తి నీటిమట్టాన్ని 1405 అడుగులకు పెంచి, 17.8 టీఎంసీలకు తెచ్చారు. పడవవాడికి ఈ అంకెలు చెప్పేది ఒకటే. పైన నీళ్లు ఎంత పరుచుకున్నా అడుగు మాత్రం పైపైకి వస్తోంది. మూడు కిలోమీటర్ల ఆనకట్ట దగ్గర లోతుంటుంది. కల్హేర్ వైపున్న వెనుక నీళ్లలో, పూడిక ముందు దిగబడే చోట, ఆ లోతుండదు. నీరు వెనక్కి తగ్గిన శిఖం భూముల్లో పైరు వేసుకునే చోటే వానాకాలంలో పడవ తిరుగుతుందని గుర్తుంచుకోవాలి.

దీనికి ఒక జవాబు వినిపిస్తుంది. ఇదంతా పాత కరువు లెక్క, ఇటీవలి ఏళ్లలో వానలు బాగున్నాయి, ఎత్తిపోతల పథకాలు వస్తున్నాయి, ఇక జలాశయాలు నిండుగానే ఉంటాయి కదా అని. పథకాలు తలపెట్టిన మాట నిజమే. జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలకు నీళ్లిచ్చే సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలకు 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లోనే శంకుస్థాపన జరిగింది. అయితే ఆ పథకాలు నీళ్లు తోడుకోవాల్సింది సింగూరు నుంచే. మొదటిదానికి 12, రెండోదానికి 8 టీఎంసీలు అనుకున్నారు. గోదావరి నీళ్లు ఎగువకు వచ్చి ఆ లోటు పూడుస్తాయన్నది ప్రణాళిక. అది పూర్తిగా ఫలించినా, జలాశయం మట్టం ఎక్కేదీ దిగేదీ పొలాల అవసరాన్ని బట్టే. తాగునీరు, సాగునీరు, ఆ తర్వాత చేపలు. విహారపు పడవ ఆ వరుసలో అందరికంటే చివరిది, అలాగే ఉండాలి కూడా. యాసంగి వరికి నీళ్లు వదలకుండా పడవ కోసం మట్టం నిలబెట్టాలని ఎవరూ అడగలేరు. కాబట్టి మారాల్సింది నీళ్లు కాదు, పడవే.

అప్పుడు మొదటి కొలత పడవ పొడవో, పడకల సంఖ్యో కాదు. పూర్తి బరువుతో ఉన్నప్పుడు నీటి గీత నుంచి దాని అడుగుభాగపు చివర దాకా ఎంత మునుగుతుందన్నదే. సముద్రంలో తిరిగే 40 అడుగుల యాట్‌కు ఇది సాధారణంగా మీటరు, ఇంకొంచెం పైన ఉంటుంది. పైగా దాని ప్రొపెల్లర్లు, ఇరుసులు, చుక్కాని అన్నీ అడుగున, పడవలో అన్నిటికంటే లోతున వేలాడుతుంటాయి. మన జలాశయాల అడుగున ఏముందో తెలిస్తే ఆ అమరిక ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. ముంపుకు గురైన ఊళ్ల మొండిగోడలు, బావుల వరసలు, నరకకుండా వదిలేసిన చెట్ల మోళ్లు, రాతి గట్లు. ఇవి ఏ మ్యాపులోనూ ఉండవు. ఎండకాలంలో బయటపడినప్పుడు చూసినవాళ్లకే, అంటే జాలర్లకే తెలుస్తాయి. ఆపైన వలలు. ఇరుసుకు నైలాను వల చుట్టుకుంటే ఇంజను ఆగడమే కాదు, ఇరుసు గుండా నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలు కూడా కరిగి తెగిపోవచ్చు. ఆ వల పోగొట్టుకున్న కుటుంబానికి జరిగిన నష్టం సరేసరి. దీనికి బదులు వెనుక తగిలించే అవుట్‌బోర్డు ఇంజనుంటే, లోతు తగ్గగానే దాన్ని పైకి ఎత్తుకోవచ్చు. వల చుట్టుకుంటే పడవలోంచే చూసి విప్పుకోవచ్చు. పాడైతే విప్పి జీపులో వేసుకుని బాగుచేయించడానికి తీసుకెళ్లవచ్చు. ఇరుసు వంగిన యాట్‌ను బాగుచేయాలంటే మాత్రం మొత్తం పడవనే నీళ్లలోంచి క్రేనుతో లేపాలి. కల్హేర్ చుట్టుపక్కల బోటు యార్డు లేదు. బురద ఒడ్డుకు క్రేను రావడమూ తేలిక కాదు.

సముద్రాన్ని తట్టుకున్న పడవకు చెరువు ఒక లెక్కా అన్నది రెండో అభ్యంతరం. వినడానికి బలంగానే ఉంటుంది. కానీ సముద్రపు పడవ బలం వేరే శత్రువు కోసం తయారైంది. దాని లోతైన వి ఆకారపు అడుగు పెద్ద అలలను చీల్చడానికి. దాని ఇంజన్లు నీటి మీద లేచి, గంటకు నలభై యాభై కిలోమీటర్ల వేగంతో జారిపోవడానికి. నిజాంసాగర్‌లో ఆ వేగంతో పోతే గంట తిరక్కముందే ఎదురుగా ఒడ్డొస్తుంది. నెమ్మదిగా పోదామంటే, 300 గుర్రాల శక్తి గల డీజిల్ ఇంజన్లు రెండు ఎప్పుడూ పది శాతం భారం మీదే తిరిగితే అవి సరిగ్గా వేడెక్కవు. మసి పేరుకుంటుంది, సిలిండరు గోడలు నునుపెక్కి ఆయిల్ తాగడం మొదలుపెడతాయి. ఖర్చు చూసినా అంతే. డీజిల్ ఇంజను ఒక గుర్రపు శక్తిని గంటసేపు ఇవ్వడానికి ఐదో వంతు లీటరు పైచిలుకు తాగుతుంది. రెండు ఇంజన్లనూ అవి కోరుకునే భారం మీద నడిపితే గంటకు ఎనభై, తొంభై లీటర్లు. నీటి గీత దగ్గర 36 అడుగుల పొడవుండి, నీటిని పక్కకు నెట్టుకుంటూ సాగే మామూలు పడవ ఎనిమిది నాట్లు, అంటే గంటకు పదిహేను కిలోమీటర్ల దాకా పోగలదు. దానికి 50, 60 గుర్రాల ఇంజను చాలు. తాగేది గంటకు పది లీటర్ల లోపే. పక్షులను చూడటానికి, సాయంత్రం నీళ్ల మీద గడపడానికి వచ్చినవాళ్లకు అంతకు మించిన వేగం ఎందుకు? అయితే సముద్రపు పడవలో ఒక మంచి గుణం ఉందని ఒప్పుకోవాలి. సెప్టెంబరు మధ్యాహ్నాల్లో ఉన్నట్టుండి వచ్చే గాలివానకు వెడల్పాటి జలాశయంలో లేచే పొట్టి, నిటారు అలలను అది తేలిగ్గా తట్టుకుంటుంది. కానీ దాని ఎత్తైన కేబిన్లే ఆ గాలికి తెరచాపలై, లోతు లేని చోటికి దాన్ని నెట్టుకుపోతాయి.

తేవడం కూడా ఆలోచించాల్సిన విషయమే. కొచ్చిలోనో గోవాలోనో కొన్న పడవ నీళ్ల మీదుగా ఇక్కడికి రాలేదు. మధ్యలో అన్నీ ఆనకట్టలే. 2016 నాటి జాతీయ జలమార్గాల చట్టం ప్రకటించిన 111 మార్గాల్లో మంజీర 70వది. కాగితం మీద అది జలమార్గమే అయినా, నిజాంసాగర్ గోడ దాటించే లాకు ఏదీ లేదు. కాబట్టి రోడ్డే దిక్కు. మన రోడ్ల మీద మామూలు అనుమతితో తిరగగల వాహనం వెడల్పు 2.6 మీటర్లు. 40 అడుగుల యాట్ సుమారు నాలుగు మీటర్ల వెడల్పుంటుంది. ప్రత్యేక అనుమతులు, పొడవాటి ట్రెయిలరు, దారిలో కరెంటు తీగలు, చివర్లో నీటి దాకా గట్టి నేల, ఇన్ని కావాలి. చవకగా దొరికిందన్న సంతోషం చాలామటుకు ఈ దారిలోనే ఖర్చైపోతుంది. వెడల్పు రెండున్నర మీటర్లలోపు ఉండటమన్నది అందుకే చిన్న షరతుగా కనిపించినా, ఎంపికను సగం తేల్చేస్తుంది.

ఇక పడవను చూడటం. ఎద్దును కొనేవాడు సంతలో పళ్లు చూడకుండా బేరం ఆడడు. పడవకు పళ్లంటే నీటి కింద ఉండే భాగం. అందుకే తేలుతున్న పడవను చూసి అడ్వాన్సు ఇవ్వకూడదు, బయటికి లేపించి ఎండలో ఒక రోజైనా ఆరనిచ్చి చూడాలి. ఫైబర్ పడవైతే అడుగున చిన్న చిన్న బొబ్బలున్నాయేమో వేళ్లతో తడమాలి. అవి పైపూతలోంచి నీళ్లు లోపలి పొరల్లోకి ఇంకిన గుర్తు. నాలుగైదు బొబ్బలకు భయపడక్కర్లేదు, అడుగంతా ఉంటే మాత్రం నెలల తరబడి ఆరబెట్టి, పూత తీసి మళ్లీ వేయాల్సిన పని. ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే గట్టి చోట మోత కణకణమంటుంది, పొరలు విడిపోయిన చోట బోలుగా మొద్దుగా వినిపిస్తుంది. అవుట్‌బోర్డు ఇంజను తగిలించే వెనుక పలక లోపల చాలా పడవల్లో ప్లైవుడ్ ఉంటుంది. బోల్టుల రంధ్రాల్లోంచి నీళ్లు దిగి అది కుళ్లినా బయటికి తెలియదు. ఇంజనును ఎత్తి, దాని కాలు మీద బరువు వేసి కిందికీ పైకీ ఊపితే ఆ పలక కదిలితే చాలు, ఆ పడవను అక్కడే వదిలేయొచ్చు. ఇనుప పడవైతే రంగు ఎంత కొత్తగా ఉందన్నది అనవసరం, కొత్త రంగే అనుమానించాల్సిన విషయం. అల్ట్రాసౌండ్ పరికరంతో రేకు మందం అడుగంతా కొలిపించాలి. బయటివైపు కంటే లోపల, నీళ్లు నిలిచే అడుగు గదుల్లో, తుప్పు ఎక్కువ తింటుంది. మరొకటి చాలామంది మరచిపోతారు. లోహపు భాగాలను తుప్పు నుంచి కాపాడటానికి వాటి బదులు తాము కరిగిపోయే లోహపు దిమ్మెలు పడవ అడుగున బిగిస్తారు. సముద్రానికి అవి జింకువి. మంచినీళ్లలో జింకు సరిగ్గా పనిచేయదు, మెగ్నీషియంవి పెట్టాలి. సముద్రం నుంచి తెచ్చిన పడవను ఈ మార్పు చేయకుండా మంజీరలో దించితే, ఇంటిని కాపలా లేకుండా వదిలి వెళ్లినట్టే.

ఇంజను విషయానికొస్తే, అమ్మేవాళ్లు దాన్ని ముందే వేడి చేసి పెడితే ఆ పరీక్ష చెల్లదు. చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే, మన ఎదుటే మొదటిసారి తిప్పాలి. తిరిగి తిరిగి అంటుకుంటే, నీలం పొగ ఆగకుండా వస్తుంటే, లోపల అరుగుదల ఉంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ పోకపోతే సిలిండర్లలోకి నీళ్లు చేరుతున్నాయేమో అనుకోవాలి. ఆయిల్ పుల్ల తీసి చూస్తే నూనె తెల్లగా నురగ కట్టి ఉంటే ఆ అనుమానం నిజమే. ఉప్పునీళ్లతో చల్లబడిన ఇంజన్లలో నీళ్ల గొట్టాలను తుప్పు లోపల్లోపల తిని ఉంటుంది. అవి విప్పి చూడనివ్వని అమ్మకందారు దగ్గర బేరం ముందుకు సాగకపోవడమే మేలు. ఇంజను తిరిగిన గంటలు చూపే మీటరు ఒక్కదాన్నే నమ్మలేం, దాన్ని మార్చడం కష్టమేమీ కాదు. సర్వీసు రశీదులు, మార్చిన ఫిల్టర్లు, పంపుల తేదీలు దానితో సరిపోతున్నాయా అన్నదే సాక్ష్యం. నిజానికి తక్కువ గంటలు తిరిగినంత మాత్రాన పాత ఇంజను మంచిదే అనుకోనక్కర్లేదు. ఏళ్లకు ఏళ్లు ఒడ్డున ఊరికే ఉన్న ఇంజను కంటే, వారం వారం తిరిగి వారం వారం చూసుకున్న ఇంజనే మన్నుతుంది.

ఇంతవరకు చెప్పింది డబ్బు నష్టం. ప్రాణాల మాట వచ్చేసరికి పాత పడవల్లో అన్నిటికంటే భయపడాల్సింది వాటి వయసుకు కాదు, వాటికి చేసిన మార్పులకు. 2023 మే 7న కేరళలోని తానూర్‌లో 22 మందిని బలిగొన్న పడవ చేపల పడవను విహారపు పడవగా మార్చినదని విచారణల్లో ఆరోపణలు వచ్చాయి. రెండంతస్తులు, పరిమితిని మించి జనం. 2009 సెప్టెంబరు 30న తేక్కడిలో 45 మంది చనిపోయిన జలకన్యక కూడా రెండంతస్తుల పడవే. అది సముద్రంలో కాదు, పెరియార్ జలాశయంలో, మన నిజాంసాగర్ లాంటి నిలకడ నీళ్లలో బోల్తా పడింది. నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి కాబట్టి ప్రమాదం లేదనే ధీమాకు అంతకంటే గట్టి జవాబు అక్కర్లేదు. బరువు పైకి పోయే కొద్దీ పడవ ఒరిగినప్పుడు తిరిగి నిలబడే శక్తి తగ్గుతుంది. జనం ఏదో చూడాలని ఒక్క పక్కకు చేరితే చాలు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే విహారపు పడవ మునిగినప్పుడు వరద ఉరవడి ప్రధాన కారణం, కానీ అక్కడ కూడా ప్రశ్న అదే. ఆ రోజు నీటికి ఆ పడవ తగినదేనా? పాత పడవ కొనేటప్పుడు అసలు తయారీ నాటి కొలతల పటం అడగాలి. పటంలో లేని డెక్కు, పటంలో లేని పైకప్పు, పటంలో లేని జనరేటరు కనిపిస్తే, వాటిని కలిపి కొత్తగా స్థిరత్వ పరీక్ష చేయించి ధ్రువపత్రం తెమ్మనాలి. లేదా వాటిని తీసేయించాలి. తీసేస్తే పడవ అందం పోతుందని అమ్మేవాడు అంటాడు, పోనివ్వాలి.

కాగితాల విషయం కాస్త తేలికపడింది. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెస్సెల్స్ చట్టం ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన యాంత్రిక పడవ పత్రం దేశమంతటా చెల్లుతుంది. అంతకుముందు రాష్ట్రం మారితే విడిగా అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. పడవను తనిఖీ చేసి ఇచ్చే సర్వే పత్రం, బీమా, నడిపేవాడి అర్హత పత్రం, ఈ మూడూ తప్పవు. పాత పడవ విషయంలో సర్వే పత్రం ఏ నీటి మండలానికి ఇచ్చారో, ఎందరికి ఇచ్చారో చూడటం ముఖ్యం. అక్కడ రాసిన సంఖ్య అమ్మేవాడి ప్రకటనలో ఉన్న సంఖ్య కంటే తక్కువే ఉంటుంది తరచుగా. పత్రంలోని పడవ నంబరూ, ఇంజను నంబరూ ఎదుట ఉన్నవాటితో కలవాలి. మరో సంగతి, సింగూరు దిగువన మంజీర బ్యారేజీ దాకా ఉన్నది 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. మొసళ్లుండే ఆ నీళ్లు విహారపు మోటారు పడవలకు ఎలాగూ కాదు. మిగతా చోట్ల నీటిపారుదల శాఖ అనుమతి, మత్స్య సహకార సంఘంతో ఒక అవగాహన, రెండూ ముందే ఉండాలి. తాగునీటి జలాశయంలో ఆయిల్ కారే పడవకు చోటే లేదు కాబట్టి, అడుగున పేరుకునే జిడ్డు నీళ్లను ఎక్కడ తోడిపోస్తారన్న ప్రశ్నకు కొనేముందే జవాబుండాలి.

ఇన్ని షరతులైతే పాతది ఎందుకు, స్థానికంగా కొత్త ఫైబర్ పడవ చేయించుకుంటే పోదా అని అడగొచ్చు. చాలామందికి అదే మంచిదారి. కానీ పాతదే కావాలనుకునేవాళ్లకు తగిన సరుకు లేకపోలేదు. దాన్ని వెతకాల్సిన చోటు సముద్రతీరం కాదు, మరో జలాశయం. హుస్సేన్‌సాగర్‌లోనో, నాగార్జునసాగర్‌లోనో, దక్కనులోని మరే చెరువులోనో తిరిగిన చదునైన పాంటూన్ పడవ, రెండు గొట్టాల మీద వెడల్పుగా కూర్చునే రకం, మన నీటికి సహజంగా సరిపోతుంది. అది రెండడుగుల లోపే మునుగుతుంది, ఒక్క అంతస్తే, నెమ్మదిగా పోతుంది, ఉప్పు రుచి చూడని ఇంజనుంటుంది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వయసున్నా భయం లేదు. ఇంజను మార్చాల్సివచ్చినా పడవ ఉంటుంది.

ధర మాట్లాడుకునేటప్పుడు మిగిలిన ఖర్చునూ కలుపుకోవాలి. ఒక్క వానాకాలంలోనే నిజాంసాగర్ ఒడ్డు వందల మీటర్లు ముందుకొచ్చి, ఎండకాలంలో అంతే వెనక్కి పోతుంది. స్థిరమైన రేవు కడితే అది సగం ఏడాది పొడి నేల మీద ఉంటుంది. కాబట్టి డ్రమ్ముల మీద తేలే రేవు, దాన్ని నీటితోపాటు జరపడానికి మనుషులు, లంగరు గొలుసులు, రాత్రి కాపలా. ఒప్పందంలో ఒక షరతు రాయించుకోగలిగితే మేలు. ధరలో కొంత భాగం ఆపి, పడవను ఇక్కడి నీళ్లలో, నీటిమట్టం తగ్గిన మే నెలలో, నిండు బరువుతో, ఊరి జాలరి ఒకరిని ముందు కూర్చోబెట్టుకుని ఒడ్డు నుంచి ఆనకట్ట దాకా నడిపి చూశాకే మిగతాది చెల్లిస్తామని. ఈ షరతుకు ఒప్పుకునే అమ్మకందారు అరుదు. ఒప్పుకున్నవాడు దొరికితే ధరలో కాస్త ఎక్కువ అడిగినా ఇవ్వొచ్చు.